కట్టడపు పనుల్లో చిన్న సంస్థలకు, మహిళలకు, వెనుకబడిన వర్గాల వారికి నేరుగా చోటు కల్పించడం ఎలా

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఒక కల్యాణ మండపమో, యాత్రికుల వసతి గృహమో, ఆసుపత్రో కట్టి ముగించే సరికి ఎందరో వృత్తిదారుల చేతులు అందులో పడి ఉంటాయి. రాయి కొట్టేవారు, బేల్దారులు, సెంట్రింగ్ వారు, వడ్రంగులు, గ్రిల్ పనివారు, రంగులు వేసేవారు, కూలీలకు వండిపెట్టేవారు ఉంటారు. ఒప్పందం మీద కనిపించే పేర్లు మాత్రం ఒకటో రెండో. మిగిలినవారంతా కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరుగా, అతని కింద మేస్త్రీగా, వరుసలో చివర నిలబడి, తమ పనికి తామే ధర చెప్పుకునే వీలు లేకుండా పనిచేసి వెళ్లిపోతారు. నేను చూసినంతలో దళితులు, గిరిజనులు, వెనుకబడిన వర్గాల వారు, మహిళలు ఈ వరుస చివరన ఎంత ఎక్కువగా ఉన్నారో, ఒప్పందం మీద సంతకం చేసే చోట అంత తక్కువగా ఉన్నారు.

ఈ వ్యాసం కట్టడం యజమానులకు, ఆర్కిటెక్టులకు, ప్రాజెక్టు నడిపించే ఇంజనీర్లకు ఉద్దేశించినది. ఇన్నేళ్ల పనిలో నాకు అర్థమైనది ఒకటుంది. చిన్నవారు బయట ఉండిపోవడానికి ఎవరి దుర్బుద్ధో కారణం కావడం తక్కువ. మనం గీసే డ్రాయింగు, మనం రాసే టెండరు షరతు, మనం బిల్లు చెల్లించే పద్ధతి కారణం కావడమే ఎక్కువ. కనుక మార్పు కూడా ఆ కాగితాల దగ్గరే మొదలుకావాలి.

1. డ్రాయింగుకు ముందే ఎవరెవరు ఉన్నారో తెలుసుకోండి

స్థలం సర్వేకు ఇచ్చే శ్రద్ధలో కొంత మనుషుల సర్వేకూ ఇవ్వండి. మీ కట్టడానికి నలభై యాభై కిలోమీటర్ల లోపు ఏ వృత్తులు ఉన్నాయో, ఎవరు నడుపుతున్నారో, ఒక నెలలో ఎంత పని ఇవ్వగలరో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మన ప్రాంతంలో ఈ పుస్తకం త్వరగానే నిండుతుంది. ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్య చెక్కేవారు ఉన్నారు. శ్రీకాళహస్తిలో కలంకారీ కళాకారులు, పలమనేరులో మట్టి పని చేసే కుటుంబాలు ఉన్నాయి. కుప్పం, చిత్తూరు వైపు గ్రానైట్ కోసి పాలిష్ పట్టే చిన్న యూనిట్లు ఉన్నాయి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్ప కళాశాలలో చదివి బయటికి వచ్చిన యువకులు ఉన్నారు. పట్టణాల్లో మెప్మా, పల్లెల్లో వెలుగు అనే ప్రభుత్వ కార్యక్రమాల కింద నమోదైన పొదుపు సంఘాల మహిళలు కుట్టుపని, క్యాంటీను వంటివి చేస్తున్నారు. కొన్ని చోట్ల సిమెంటు ఇటుకలూ పేవర్ బ్లాకులూ తయారు చేస్తున్నారు. రాయి పనిలో తరతరాలుగా ఉన్న వడ్డెరలు, ఇటుక బట్టీల్లో పనిచేసే యానాది కుటుంబాలు ఈ రెండు జిల్లాల్లోనూ కనిపిస్తారు.

జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగితే నమోదైన చిన్న పరిశ్రమల సమాచారం దొరుకుతుంది. షెడ్యూల్డు కులాల, తెగల పారిశ్రామికుల కోసం 2016లో మొదలైన జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్‌ను కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఎన్‌ఎస్‌ఐసీ నడుపుతోంది, దానినీ సంప్రదించవచ్చు. అయితే కార్యాలయాల్లో దొరికే జాబితా సగమే. రెండో సగం కోసం మీరు ఊళ్లకు వెళ్లాలి. ఫోనులో అడిగితే "చేస్తాం సార్" అనే సమాధానమే వస్తుంది. పని జరిగే చోట కూర్చుని చూస్తేనే ఎన్ని ఉలులు ఉన్నాయో, ఎందరు పిల్లలు పని నేర్చుకుంటున్నారో, సరుకు ఆరబెట్టడానికి స్థలం ఎంత ఉందో కంటికి తెలుస్తుంది.

అదే ప్రయాణంలో ప్రతి ఒక్కరినీ ఉద్యమ్ నమోదు, అంటే కేంద్ర ప్రభుత్వం దగ్గర చిన్న సంస్థగా నమోదు, ఉందా అని అడగండి. 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్న ఈ నమోదు పూర్తిగా ఆన్‌లైన్‌లో, ఏ రుసుమూ లేకుండా జరుగుతుంది. నమోదు లేకపోతే సూక్ష్మ, చిన్న సంస్థలకు చట్టం ఇచ్చే రక్షణలు అందడం కష్టం. మీ కార్యాలయంలో ఒక కుర్రవాడిని కూర్చోబెట్టి ఆ పని ఉచితంగా చేయించి పంపండి. బయట దీనికి డబ్బు గుంజే దళారులు ఉన్నారు.

2. స్థానికులు చేయగలిగిన పనిని డ్రాయింగులోనే గీయండి

ఆర్కిటెక్టు చేతిలో ఉన్న అసలు అధికారం ఇక్కడే ఉంది. ఎలివేషన్, అంటే కట్టడం ముఖభాగం, అంతా పెద్ద కంపెనీ ప్యానెళ్లతో గీసి, తరువాత స్థానిక వృత్తులకు అవకాశం ఇవ్వాలని కోరితే ఇవ్వడానికి ఏమీ మిగలదు. కిటికీ ఏ కొలతలో ఉంటే స్థానిక వడ్రంగి దగ్గరున్న యంత్రంతో చేయగలడో, ఫ్లోరింగు రాయి ఏ సైజులో ఉంటే కుప్పం వైపు చిన్న యూనిట్ వృథా లేకుండా కోయగలదో ముందే కనుక్కుని ఆ కొలతలతో గీయండి. ఒక సంస్థ పేరుతో, దాని కేటలాగు నంబరుతో స్పెసిఫికేషన్ రాయడం మానుకోండి. రాయి అయితే రంగు, మందం, పాలిష్, నీరు పీల్చే గుణం ఎంత ఉండాలో రాసి, మీ దగ్గర ఒక నమూనా ముక్క ఉంచి దానికి సరితూగాలని రాస్తే చాలు.

కొయ్య విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. మాధవమాల అనగానే చాలామంది ఎర్రచందనం అడుగుతారు. అది శేషాచలం అడవుల సంపద. అనుమతి పత్రాలు లేని దుంగ కార్ఖానాలో దొరికితే కేసు పడేది చెక్కేవాడి మీదే. మీ స్పెసిఫికేషన్‌లో ఏ కొయ్య వాడాలో స్పష్టంగా రాసి, దాని బిల్లును, రవాణా అనుమతిని యజమాని తరఫునే సమకూర్చండి. కళాకారునికి చెక్కే పని ఇవ్వాలే గానీ కొయ్య సంపాదించే ప్రమాదాన్ని అతని నెత్తిన పెట్టరాదు.

కాలపట్టిక కూడా డ్రాయింగులో భాగమేనని నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఒక వసతి గృహం ముందు హాలుకు శ్రీకాళహస్తి కలంకారీ తెరలు కావాలని గీసి, మిగిలిన అలంకరణ సామగ్రితో పాటు వాటినీ చివరి 25 రోజుల్లో పెట్టాను. అవి కార్తీక మాసపు రోజులు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ప్రాంతాన్ని తడుపుతాయన్న సంగతి శ్లాబుకు లెక్కవేసుకున్నాను గానీ గుడ్డకు లెక్కవేసుకోలేదు. కలంకారీ గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఎండబెట్టాలి. ఇనుప ముక్కలు, బెల్లం రోజుల తరబడి ఊరబెట్టి తీసిన కసింతో నల్లగీతలు వేయాలి. పటిక పూసిన చోటే ఎరుపు పడుతుంది. ఒక్కో రంగు తరువాత పారే నీటిలో ఉతికి మళ్లీ ఎండబెట్టాలి. ఎండ లేక, స్వర్ణముఖిలో బురదనీరు పారుతూ ఉంటే ఆ పని ముందుకు కదిలే దారే లేదు. గడువు దాటిందని యజమాని ఆ పని రద్దుచేసి అచ్చు వేసిన గుడ్డ తెప్పించాడు. అప్పటికే సగం గీసిన ఆరు తెరలు కళాకారిణి ఇంటి దూలానికి వేలాడుతూ మిగిలిపోయాయి. ఆ ఆలస్యంలో కళాకారిణి తప్పు రవ్వంత కూడా లేదు. అప్పటి నుంచి నేను కలంకారీ, కొయ్య చెక్కడం, మట్టి పెంకుల వంటి వాటికి పునాది తవ్వే రోజునే ఆర్డరు, అడ్వాన్సు ఇస్తున్నాను. మీరూ అలాగే చేయండి.

3. పనిని చేతికందే ముక్కలుగా విడదీయండి

మూడు కోట్ల రూపాయల కట్టడాన్ని ఒకే టెండరుగా పిలిస్తే మూడు కోట్లు మోయగలవారు మాత్రమే వస్తారు. అందులోనే కాంపౌండు లోపలి పేవర్ బ్లాకులకు నాలుగు లక్షలు, ప్రధాన ద్వారాలకు ఆరు లక్షలు, గ్రిల్ పనికి ఐదు లక్షలు, తెరలకూ పరుపులకూ మూడు లక్షలు, మొక్కలకు రెండు లక్షలు అవుతాయనుకుందాం. ఈ ఇరవై లక్షల పని విడిగా పిలిస్తే అయిదు చిన్న సంస్థలు నేరుగా యజమానితో ఒప్పందం చేసుకుంటాయి. మొత్తంలో అది ఏడు శాతం లోపే గనుక యజమానికి భారం తక్కువ. నాలుగు లక్షల పని నేరుగా దక్కిన పొదుపు సంఘానికి మాత్రం అది ఏడాది నడక.

ఏది విడదీయాలి, ఏది విడదీయరాదు అన్న దానిలో మొహమాటం వద్దు. పునాదులు, పిల్లర్లు, శ్లాబులు, వాటర్ ప్రూఫింగు ఒకే చేతిలో ఉండాలి. రేపు గోడ చెమ్మగిల్లితే ఆ తప్పు నీదంటే నీదని ఇద్దరు వాదులాడుకునే చోట నష్టపోయేది కట్టడమే. అలాంటి భాగాల్లో చిన్నవారికి చోటు కావాలంటే ప్రధాన కాంట్రాక్టరు ఒప్పందంలోనే ఒక షరతు పెట్టండి: ఇంత శాతం పనిని ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాలి, వారి పేర్లు టెండరులోనే చెప్పాలి, తరువాత మార్చాలంటే ఆర్కిటెక్టు అనుమతి తీసుకోవాలి. పేర్లు ముందే చెప్పించడం ముఖ్యం. లేకపోతే టెండరు దక్కేదాకా ఒక ధర, దక్కాక బేరమాడి తగ్గించిన మరో ధర అవుతుంది.

ప్రభుత్వ పని అయితే విడదీసే ముందు సంబంధిత అధికారి ఆమోదం లిఖితపూర్వకంగా తీసుకోండి. టెండరు పరిమితి తప్పించుకోవడానికి పనిని చీల్చడం నిబంధనలకు విరుద్ధం. కారణం ఫైలులో రాయకుండా విడదీస్తే మంచి ఉద్దేశం కూడా ఆడిట్‌లో అభ్యంతరంగా మారుతుంది.

ఇక్కడే చట్టం సంగతి ఒకటి. కేంద్ర ప్రభుత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలని, అందులో భాగంగా మొత్తం కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికుల నుంచి, 3 శాతం మహిళల నుంచి ఉండాలని 2012 నాటి సేకరణ విధానం, 2018 సవరణ చెబుతున్నాయి. ఈ విధానం సరుకులకు, సేవలకు వర్తిస్తుందే గానీ నిర్మాణ పనుల కాంట్రాక్టులకు వర్తించదు. అందువల్ల బల్లలు, తెరలు, బోర్డులు, దీపాలు, శుభ్రపరిచే సేవలు వంటి వాటిని పని కాంట్రాక్టులో కలిపేయకుండా సరుకుగా, సేవగా విడిగా కొంటేనే ఆ శాతాలకు అర్థం ఉంటుంది. మన రాష్ట్రం 2019లో నామినేషన్ పద్ధతిలో, అంటే టెండరు పిలవకుండా, ఇచ్చే పనుల్లో 50 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు కేటాయిస్తూ చట్టం చేసింది. ప్రైవేటు యజమానికి ఇవేవీ కట్టుబాటు కావు. అయినా ఆ శాతాలను కనీస మెట్టుగా తీసుకోమని నేను ప్రతి యజమానికీ చెబుతాను.

4. టెండరు షరతులను పని కొలతకు తగ్గించండి

రేణిగుంట వైపు పేవర్ బ్లాకులు చేసే ఒక మహిళా సంఘం నాయకురాలు ఒకసారి మా కార్యాలయానికి వచ్చింది. ప్లాస్టిక్ కవరులో మడిచి తెచ్చిన టెండరు కాగితాలను బల్ల మీద పరిచి, ఒక వాక్యం మీద వేలు పెట్టింది. గడచిన మూడేళ్లలో ఏటా యాభై లక్షల టర్నోవరు ఉండాలని అక్కడ ఉంది. "మూడేండ్లది యాడ నుంచి తెచ్చేది సార్? మేము మిషను పెట్టిందే పోయిన యేడు కదా. బ్లాకు కావాలంటే పగలగొట్టి చూసుకోండి" అంది. వేలి గోరు చుట్టూ సిమెంటు పట్టి ఉంది. ఆ పని విలువ నాలుగు లక్షలు. ఆ షరతు నేను రాసిందే. ఒక పెద్ద కట్టడం ఫైలు నుంచి ఎత్తి రాసి, ఇక్కడికి తగునా లేదా అని చూడకుండా వదిలేసినది. ఆమె అన్నట్లే బ్లాకులను పరీక్షకు పంపించాము. బలం సరిపోయింది. షరతు మార్చి మళ్లీ పిలిచాము.

మీరు రాసే ప్రతి షరతు పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్న వేసుకోండి: ఇది లేకపోతే కట్టడానికి ఏ నష్టం కలుగుతుంది? సమాధానం దొరకని షరతును కొట్టేయండి. టర్నోవరు అడగాలనుకుంటే పని విలువను మించి అడగకండి. అనుభవం అడిగేటప్పుడు సొంత పేరు మీద చేసిన పనితో పాటు సబ్ కాంట్రాక్టుగా చేసిన పనిని, మేస్త్రీగా చేయించిన పనిని కూడా లెక్కలోకి తీసుకుంటామని రాయండి. ఎందుకంటే మనం ఎవరికి చోటు ఇవ్వాలని చూస్తున్నామో వారి అనుభవమంతా ఇతరుల పేర్ల కిందే ఉంటుంది. కాగితం తేలేకపోతే, పని చేసిన చోటికి వెళ్లి చూసి మీ ఇంజనీరే ధ్రువీకరించవచ్చు. నాణ్యత మీద అనుమానం ఉంటే నమూనా చేయించండి, దానికి డబ్బు ఇవ్వండి. ఉచితంగా నమూనా అడగడం పెద్ద కంపెనీకి ప్రచార ఖర్చు అవుతుంది. ఇద్దరు మనుషుల కార్ఖానాకు వారం కూలి పోయినట్లవుతుంది.

టెండరుతో పాటు కట్టే ధరావతు, పనికి హామీగా చూపే బ్యాంకు గ్యారంటీ అనే రెండు గడపల దగ్గరే చాలామంది వెనుదిరుగుతారు. కేంద్ర సేకరణ విధానం సూక్ష్మ, చిన్న సంస్థలకు టెండరు పత్రాలు ఉచితంగా ఇచ్చి ధరావతు నుంచి మినహాయిస్తుంది. మీరూ చిన్న ప్యాకేజీల్లో ధరావతు తీసేయండి. బ్యాంకు గ్యారంటీ బదులు ప్రతి బిల్లులో కొద్ది శాతం నిలిపి ఉంచి, పని ముగిశాక తిరిగి ఇవ్వండి. గ్యారంటీ కోసం బ్యాంకులు సొమ్మో ఆస్తో తాకట్టు అడుగుతాయి. తాకట్టు పెట్టడానికి భూమి లేనివారికి ఆ షరతు తలుపు మూయడమే.

టెండరు ప్రకటనను ఇంగ్లీషులో ఒక పోర్టల్‌లో పెట్టి ఊరుకోకండి. రెండు పేజీల తెలుగు సారాంశం రాయించి సచివాలయాల్లో, మండల సమాఖ్య కార్యాలయాల్లో, పరిశ్రమల కేంద్రంలో అంటించండి. కనీసం మూడు వారాల గడువు ఇవ్వండి. మధ్యలో ఒక రోజు అందరినీ స్థలం దగ్గరికే పిలిచి డ్రాయింగు చూపిస్తూ చెప్పండి. ఒకరు అడిగిన ప్రశ్నకు ఇచ్చిన సమాధానం అందరికీ రాతపూర్వకంగా చేరాలి. ఆ సమావేశాన్ని సాయంత్రం పెట్టకుండా పగలు పదకొండు గంటలకు పెడితే చిన్న పిల్లలున్న తల్లులు, దూరం ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవారు వచ్చి తిరిగి వెళ్లగలుగుతారు.

తక్కువ ధరకే పని ఇవ్వాలన్న అలవాటు మీద కూడా ఒక మాట. చేయి తిరిగిన పనికి అతి తక్కువ ధర వచ్చిందంటే, కూలి తగ్గించి వేశారనో, లెక్క రాదనో అర్థం. మీ అంచనా కంటే బాగా తక్కువ ధర వేసిన చిన్న సంస్థను పిలిచి, వారి లెక్కను వారితోనే మళ్లీ చదివించండి. రవాణా మరిచారా, జీఎస్టీ మరిచారా చూడండి. తప్పుడు ధరకు కట్టేసి పని చేయించుకోవడం సమానత్వం పేరుతో చేసే అన్యాయం.

5. మీ కార్యాలయంలోనూ ఇదే కొలత పాటించండి

సర్వే, అంచనాలు, మట్టి పరీక్ష, విద్యుత్ డిజైను, త్రీడీ చిత్రాలు వంటి సేవలన్నీ చెన్నై, బెంగళూరు సంస్థలకు పంపే ముందు ఇక్కడి చిన్న కార్యాలయాలను అడగండి. శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వంటి చోట ఇంజనీరింగ్ చదివిన అమ్మాయిలను సైట్ ఇంజనీర్లుగా తీసుకోండి. డ్రాయింగు బల్ల దగ్గరే కూర్చోబెడితే వారికి కాంట్రాక్టు అనుభవం ఎప్పటికీ రాదు. శిక్షణకు వచ్చే విద్యార్థులకు భృతి ఇవ్వండి. జీతం లేకుండా ఆరు నెలలు పని చేయగలిగేది కలిగినవారి పిల్లలే.

6. పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది కాకుండా చూడండి

కోటా ఉందని తెలియగానే బినామీలు పుట్టుకొస్తారు. నా పనిలోనే ఒకసారి మహిళా సంస్థ అని ఒప్పందం చేసుకున్న చోట, సంతకం చేసిన ఆమెను పని ముగిసేదాకా నేను చూడలేదు. బిల్లులకూ, వాదనలకూ, చివరికి సొమ్ము తీసుకోవడానికీ బంధువు ఒకరే వచ్చేవాడు. అప్పటికే అతనికి మరో పేరుతో పెద్ద కాంట్రాక్టు వ్యాపారం ఉంది. ఆ పని నిజంగా అవసరమైన మరో సంస్థకు దక్కకుండా పోయింది.

సేకరణ విధానంలో మహిళా సంస్థ అన్నా, ఎస్సీ, ఎస్టీ సంస్థ అన్నా సొంత సంస్థ అయితే యజమాని ఆ వర్గానికి చెందాలి, భాగస్వామ్యంలో గానీ కంపెనీలో గానీ కనీసం 51 శాతం వాటా వారిదై ఉండాలి. కాగితం మీద ఇది చూశాక, ధర గురించి చర్చకు యజమానే రావాలని పట్టుబట్టండి. బ్యాంకు ఖాతాలో సంతకం ఎవరిదో, యంత్రాలు ఎవరి పేరున ఉన్నాయో, కూలీలకు డబ్బు ఎవరు పంచుతారో కనుక్కోండి. భర్తో, అన్నో సహాయం చేయడం తప్పేమీ కాదు, మన కుటుంబాల్లో పని అలాగే సాగుతుంది. లాభనష్టాల నిర్ణయం ఎవరిదన్నదే చూడవలసినది.

ఈ పరిశీలనలో మర్యాద తప్పకండి. కుల ధ్రువపత్రాన్ని రాయితీ కోరినవారి దగ్గర మాత్రమే, ఒకరే అధికారి, ఒకేసారి చూసి ఫైలులో మూసి పెట్టాలి. సైటు బోర్డు మీద గానీ, సమావేశంలో గానీ ఫలానా వారు కోటా మీద వచ్చారని చెప్పడం వారిని పిలిచి అవమానించడమే.

7. సైటులో నిలబడగలిగే ఏర్పాట్లు

ఆడవారికి నీళ్లున్న మరుగుదొడ్డి, గడియ వేసుకునే తలుపు మొదటి రోజునే ఉండాలి. ఇది లేని సైటుకు మహిళా బృందాలు రెండో రోజు రావు. చిన్నపిల్లల కోసం నీడ, కాపలా చూసే ఒక మనిషి ఉండాలి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం యాభై మందికి మించి మహిళలు పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని చెప్పింది, కానీ పదిమంది ఉన్నా పిల్లలు పిల్లలే. ఒకే పనికి ఆడా మగా తేడా లేని కూలి ఇవ్వాలన్నది 1976 నుంచి చట్టంలో ఉన్న నియమం. ప్యాకేజీ తీసుకున్న ప్రతివారి ఒప్పందంలోనూ ఆ వాక్యం రాసి, కూలీల హాజరు రాసే మస్టరు పుస్తకంలో తనిఖీ చేయండి. చిన్న సంస్థలకు సిమెంటు, ఇనుము వంటివి దుకాణంలో అప్పు మీద ఎక్కువ ధరకు దొరుకుతాయి కనుక, యజమానే కొని ఇచ్చి బిల్లులో తగ్గించుకుంటే ఇద్దరికీ మేలు.

8. డబ్బు సమయానికి చేర్చండి

ఇప్పటివరకు చెప్పినవన్నీ చేసి ఇది చేయకపోతే మీరు ఒక చిన్న సంస్థను పైకి తేవడానికి బదులు అప్పులో ముంచినవారవుతారు. పెద్ద కాంట్రాక్టరు మూడు నెలలు ఆగగలడు. ఎనిమిది మంది మహిళలు నడిపే యూనిట్ శనివారం కూలి ఇవ్వలేకపోతే సోమవారం మిషను తిరగదు. వడ్డీకి తెచ్చిన డబ్బుతో తిప్పితే లాభమంతా అందులో పోతుంది.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా చెల్లించాలి, ఆ గడువు సరుకు లేదా సేవ అంగీకరించిన రోజు నుంచి 45 రోజులకు మించరాదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. అందుకున్న 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్లే లెక్క. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. బకాయి రాకపోతే సూక్ష్మ, చిన్న సంస్థలు ఇలాంటి బకాయి తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు. 2023 ఆర్థిక చట్టం ద్వారా ఆదాయపు పన్ను చట్టంలోకి వచ్చిన నిబంధన వల్ల, ఈ గడువు దాటి చెల్లించిన సొమ్మును యజమాని చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలడు. మీ యజమాని చెల్లింపులు లాగుతుంటే ఆయన చార్టర్డ్ అకౌంటెంటుతో ఈ ఒక్క మాట చెప్పించండి.

అయితే నిర్మాణ పనుల కాంట్రాక్టులకు ఈ 2006 చట్టం ఎంతవరకు వర్తిస్తుందన్న విషయంలో కోర్టుల్లో భిన్నమైన తీర్పులు వచ్చాయి. కాబట్టి చట్టం మీద వదిలేయకుండా అవే గడువులను మీ ఒప్పందంలో మీరే రాయండి. నేను రాసేది ఇలా ఉంటుంది: పని విలువలో 15 నుంచి 20 శాతం అడ్వాన్సు, పదిహేను రోజులకొక బిల్లు, బిల్లు అందిన వారం లోపు కొలతలు, ఆ తరువాతి వారంలో చెల్లింపు. ప్రధాన కాంట్రాక్టరు తనకు డబ్బు వచ్చాకే సబ్ కాంట్రాక్టరుకు ఇస్తానని రాసుకునే షరతును ఏ రూపంలోనూ ఒప్పుకోకండి. ఆయన ప్రతి కొత్త బిల్లుతో పాటు గత బిల్లులో చిన్న సంస్థల వాటా చెల్లించిన బ్యాంకు రుజువు జతచేయాలని పెట్టండి.

ఆలస్యంలో పెద్ద భాగం మన బల్లల మీదే జరుగుతుంది. కొలతలు తీసుకోవడానికి ఇంజనీరు రాడు. వచ్చినా తాను ఒక్కడే కొలిచి కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో రాసుకుని వెళ్తాడు. చిన్న కాంట్రాక్టరు చదరపు మీటర్ల లెక్కను బిల్లు తిరిగి వచ్చాకే చూస్తాడు. దీనికి విరుగుడు తేలిక. టేపు ఒక చివర మీ ఇంజనీరు, మరో చివర ఆ సంస్థ మనిషి పట్టుకోవాలి. అంకెను పైకి చదవాలి. రాసిన పేజీని అక్కడికక్కడే ఫోనులో ఫొటో తీసి వారికి పంపాలి. ఇంతమాత్రం చేస్తే బిల్లు తగాదాల్లో చాలావాటికి చోటే ఉండదు.

లెక్క ఎలా రాసుకోవాలంటే, ఎన్ని సంస్థలకు పని ఇచ్చామన్న సంఖ్యకు ప్రాధాన్యం ఇవ్వకండి. ఒక్కో సంస్థకు ఒప్పుకున్న మొత్తం, చెల్లించిన మొత్తం, బిల్లు వచ్చిన తేదీ, డబ్బు పడిన తేదీ అనే నాలుగు గళ్ల పట్టిక చాలు. నెలకొకసారి దాన్ని యజమాని ముందు పెట్టండి. తేదీల మధ్య దూరం చూస్తే మీ ప్రాజెక్టు ఎవరి డబ్బుతో నడుస్తోందో ఆయనకే కనబడుతుంది.

9. పని ముగిసిన రోజున చేతికి ఇవ్వవలసినవి

నిలిపి ఉంచిన సొమ్ము తిరిగి ఇచ్చే తేదీని ఒప్పందం రోజునే క్యాలెండరులో రాసుకోండి; చిన్నవారు దాని కోసం నాలుగుసార్లు తిరిగి, విసిగి వదిలేసుకుంటారని ఎదురుచూసే యజమానులు ఉన్నారు. చివరి బిల్లుతో పాటే, అడగకుండానే, అనుభవ ధ్రువపత్రం ఇవ్వండి. అందులో సంస్థ పేరు, యజమాని పేరు, పని వివరం, పరిమాణం, విలువ, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, నాణ్యత గురించి ఒక స్పష్టమైన వాక్యం, ఆర్కిటెక్టు నమోదు సంఖ్యతో సంతకం ఉండాలి. పేవర్ బ్లాకుల సంఘానికి మేము ఇచ్చిన అటువంటి కాగితాన్ని ఆ నాయకురాలు లామినేషన్ చేయించి, తరువాతి టెండరుకు అదే ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వెళ్లింది. ఈసారి అనుభవం అడిగిన గడిలో రాయడానికి ఆమెకు సొంత పేరుతో ఒక పని ఉంది.